రోస్కియస్ హత్య కేసు, క్రీ.పూ. 80: ముద్దాయి బయటపడ్డాడు, మరి చంపిందెవరు?

తుంగభద్ర:
డిటెక్టివ్ నవలల మీద ఇక్కడ చాలా చర్చలు నడిచాయి కదా, ఈసారి నిజంగా జరిగిన కేసు ఒకటి పెడుతున్నాను. మన దగ్గరున్న ఆధారమల్లా డిఫెన్స్ లాయరు సిసెరో చేసిన వాదన ఒక్కటే. అది గుర్తుపెట్టుకుని చదవండి.

సెక్స్టస్ రోస్కియస్ అనే ఆసామి. ఊరు అమేరియా, రోమ్‌కు ఉత్తరాన అంబ్రియాలో. టైబర్ నది ఒడ్డున 13 పొలాలు, మొత్తం విలువ 60 లక్షల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు). పొలాలు కొడుక్కి వదిలేసి తను ఎక్కువగా రోమ్‌లో పెద్దింటివాళ్ల విందుల్లో గడిపేవాడు.

క్రీ.పూ. 82 చివర్లో రోమన్ సేనాని సుల్లా అంతర్యుద్ధం గెలిచి, శత్రువుల పేర్లతో జాబితాలు ప్రకటించాడు. అందులో పేరున్నవాణ్ని ఎవరు చంపినా నేరం కాదు, పైగా బహుమానం. ఆస్తి జప్తు చేసి వేలం వేస్తారు, పిల్లలకు చిల్లిగవ్వ రాదు. మరుసటి ఏడాది జూన్ 1తో ఆ జాబితాలు మూసేశారు. రోస్కియస్ సుల్లా పక్షం మనిషి, ఆ రోజుల్లోనూ రోమ్‌లో నిర్భయంగా తిరిగాడు.

జాబితాలు మూసిన కొన్ని నెలలకు, ఒక రాత్రి విందు నుంచి తిరిగొస్తుండగా పల్లాకినా స్నానశాలల దగ్గర ఆయన్ని చంపేశారు. రాత్రి మొదటి గంట దాటాక హత్య, తెల్లారేసరికి 56 రోమన్ మైళ్ల అవతల అమేరియాలో కబురు. తెచ్చింది మల్లియస్ గ్లౌకియా అనే విముక్త బానిస. కబురు వెళ్లింది కొడుకు ఇంటికి కాదు, హతుడితో పాత పగ ఉన్న దాయాది కాపిటో ఇంటికి. అప్పుడే ఒంట్లోంచి తీసిన కత్తి కూడా చూపించాడంటాడు సిసెరో.

నాలుగు రోజుల్లో సంగతి వొలాటెర్రే దగ్గర సుల్లా శిబిరంలో ఉన్న క్రైసోగొనస్‌కు చేరింది. ఇతనూ విముక్త బానిసే, కానీ సుల్లా అండతో రోమ్‌ను ఆడిస్తున్నవాడు. చచ్చినవాడి పేరు జాబితాలోకి ఎక్కినట్టు చూపించి, 60 లక్షల ఆస్తిని 2 వేలకు పాడుకున్నాడు. మూడు మంచి పొలాలు కాపిటోకు, మిగతావాటి పెత్తనం మాగ్నస్ అనే ఇంకో దాయాదికి. కొడుకును కట్టుబట్టలతో గెంటేశారు. చివరికి అతని మీదే తండ్రిని చంపాడని కేసు పెట్టారు.

కొడుకు తరఫున నిలబడింది 26 ఏళ్ల సిసెరో. కొడుకు నిర్దోషి అని తీర్పొచ్చింది. మరి చంపిందెవరంటారు?

అపరాధపరిశోధకి:
ఇందులో మిస్టరీ ఏముందండీ? మాగ్నస్ ఆ రోజుల్లో రోమ్‌లోనే ఉన్నాడు. గ్లౌకియా అతని మనిషి. కాపిటో ఊళ్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూశాడు. ఒకడు పని చేయించాడు, ఇంకొకడు పొలాలు కొట్టేశాడు. నవలైతే పదో పేజీకే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

సందేహం_సుబ్బు:
మూయకండి. ఇదంతా ఎవరి నోటి మాట? డిఫెన్స్ లాయరుది. ప్రాసిక్యూషన్ చేసిన ప్రసంగం మనకు మిగల్లేదు. సిసెరో చెప్పిన మాటల్లో ఏది సాక్ష్యం, ఏది మాటకారితనం అని విడదీయకుండా "మాగ్నసే" అంటే ఎలా? పైగా మనం చదివేది తర్వాత రాసి బయటికి వదిలిన ప్రతి. కోర్టులో ప్రతి మాటా అలాగే పలికాడని నేను నమ్మను.

వకీలు_గుంటూరు:
క్రిమినల్ ప్రాక్టీసు చేసేవాణ్ని కాబట్టి ముందు ప్రొసీజర్ చెబుతాను, లేకపోతే మన ఆలోచనలు ఇప్పటి పోలీసు స్టేషన్ చుట్టూనే తిరుగుతాయి.

అప్పటి రోమ్‌లో హత్య జరిగితే వచ్చి శవం చూసి, సాక్షుల్ని పిలిచి, పంచనామా రాసే ఇన్‌స్పెక్టర్ లేడు. రాత్రి గస్తీ దళం కూడా ఆగస్టస్ కాలంలో, క్రీ.శ. 6లో వచ్చింది, అదీ ముఖ్యంగా నిప్పు ఆర్పడానికి. ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ లేడు. పౌరుడెవడైనా మరో పౌరుడి మీద కేసు వేసి తనే వాదించుకోవచ్చు. ఇక్కడ వేసినవాడు ఎరూకియస్, ఇలాంటి కేసుల్లో చెయ్యి తిరిగినవాడు. అంటే ఆధారాలు వెతికేది కూడా కక్షిదారులే. నేరపరిశోధకుడు అనే ఉద్యోగమే లేని ఊళ్లో సిసెరో ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు.

కోర్టు సుల్లా చట్టం కింద ఏర్పడ్డది, హంతకుల కేసుల కోసం. చాలాకాలం తర్వాత మళ్లీ జరుగుతున్న హత్య విచారణ ఇదేనని సిసెరో మొదట్లోనే గుర్తుచేస్తాడు. అధ్యక్షుడు ప్రీటర్ (న్యాయాధికారి) మార్కస్ ఫానియస్. తీర్పరులంతా సెనేటర్లు, ఎందుకంటే జ్యూరీలను సుల్లా వాళ్ల చేతికే ఇచ్చాడు.

పితృహత్య రుజువైతే తోలు సంచిలో కుట్టేసి నీళ్లలోకి విసిరేస్తారు. సంచిలో కుక్క, కోడి, పాము, కోతి అన్నది తర్వాతి కాలపు గ్రంథాల మాట. ఈ ప్రసంగంలో సంచి వరకే ఉంది.

లెక్కలమాస్టారు:
నాకు ఆ బండి ప్రయాణం మీద ఆసక్తి. రోమన్ మైలు దాదాపు 1.48 కిలోమీటర్లు, అంటే 56 మైళ్లు సుమారు 83 కిలోమీటర్లు. సిసెరో "పది రాత్రి గంటల్లో" అంటాడు. ఇక్కడే తిరకాసుంది. రోమన్లు సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఉన్న కాలాన్ని 12 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గంట అనేవారు. రోమ్‌లో నడివేసవి రాత్రి గంట మన లెక్కలో 44 నిమిషాలు, నడిచలికాలంలో 74 నిమిషాలు.

వేసవిలో అయితే ఏడుంపావు గంటల్లో 83 కిలోమీటర్లు, గంటకు 11 పైన. చీకట్లో, రెండు చక్రాల తేలిక బండి మీద, అది గొప్ప వేగమే. చలికాలంలో అయితే పన్నెండుంపావు గంటలు, గంటకు 7 కన్నా తక్కువ. అది సాధ్యమే. హత్య జూన్ 1కి కొన్ని నెలల తర్వాత అంటున్నాడు కాబట్టి శరదృతువో, ఆ తర్వాతో అనుకోవాలి. సిసెరో "ఎగిరొచ్చాడు" అన్న మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా, ప్రయాణం మాత్రం అబద్ధమనడానికి లేదు.

ఇంకోటి. ఆయన బండి అనలేదు, బండ్లు అన్నాడు. దారిలో మార్చుకున్నాడన్నమాట.

అపరాధపరిశోధకి:
మాస్టారూ, దండం! గ్లౌకియా బీదవాడని సిసెరోనే అంటాడు కదా. బీదవాడికి నడిరాత్రి బండి వెంట బండి ఎవరు సిద్ధం చేశారు? హత్య ఆ రాత్రే జరుగుతుందని ముందే తెలిసినవాళ్లే అయ్యుండాలి.

సందేహం_సుబ్బు:
లేదా మాగ్నస్ చేతిలో డబ్బుండి ఉండాలి. బాడుగ బండ్లు దొరికే దారులే అవి. వార్త మొదట తనవాళ్లకు చేరాలని పరుగెత్తించడం నేరం కాదు. కత్తి సంగతి మాత్రం నాకూ మింగుడుపడదు. అది నిజమైతే గ్లౌకియా కనీసం శవం పక్కన నిలబడ్డవాడే. నిజమైతే.

పెరూజియా_తెలుగమ్మాయి:
అమేరియా ఇప్పటి అమేలియా. నేను ఉండే చోటు నుంచి దూరం కాదు. కొండ మీద ఊరు, చుట్టూ సున్నం లేకుండా పేర్చిన భారీ రాళ్ల గోడ. ఆ గోడ రోస్కియస్ కాలానికే పాతది. టైబర్ ఊరికి కాస్త దూరంలో లోయలో పారుతుంది. నీటి ఒడ్డున పొలం, పంట పడవ మీద రోమ్‌కు చేరే వీలు. ఆ 13 పొలాల మీద అందరి కన్నూ ఎందుకు పడిందో అక్కడ నిలబడితే అడగక్కర్లేదు. ఊరి మ్యూజియంలో రోమన్ సేనాని జర్మానికస్ కంచు విగ్రహం ఉంది, 1963లో దొరికింది. ఆయన చావూ విషప్రయోగం కేసే, దానికి వేరే చర్చ పెట్టుకుందాం.

సందేహం_సుబ్బు:
సరే, అసలు విషయానికి వస్తాను. సిసెరో వాదనకు గుండెకాయ ఒక పాత న్యాయమూర్తి ప్రశ్న. లూకియస్ కాసియస్ ప్రతి కేసులోనూ "దీనివల్ల లాభం ఎవరికి?" అని అడిగేవాడట. సిసెరో అదే అడిగి, కొడుకు బిచ్చగాడయ్యాడు, మాగ్నస్ పొలాల మీద కూర్చున్నాడు, మీరే తేల్చుకోండి అంటాడు. వినడానికి తిరుగులేనట్టే ఉంది.

కానీ ప్రశ్న ఏ రోజుకు వేస్తున్నాడో చూడండి. కేసు నాటికి వేస్తున్నాడు. హత్య జరిగిన రాత్రికి వేయండి. ఆ రాత్రి రోస్కియస్ పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆయన చనిపోతే ఆస్తి మొత్తం చట్టప్రకారం ఎవరికి? కొడుక్కి! ఇంకో కొడుకు అప్పటికే పోయాడు. దాయాదులకు ఒక్క సెంటు రాదు. వాళ్లకు లాభం రావాలంటే క్రైసోగొనస్ లాంటివాడు ఒప్పుకుని, మూసేసిన జాబితాలోకి చచ్చినవాడి పేరు ఎక్కించాలి. సిసెరో లెక్క ప్రకారం అతనికి సంగతి తెలిసిందే నాలుగు రోజుల తర్వాత.

కాబట్టి రెండే దారులు. క్రైసోగొనస్‌తో ముందే మాట్లాడుకుని చంపారు. లేదా దాయాదులకు ఆ రాత్రి ఆస్తి మీద ఏ భరోసా లేదు, చావును తర్వాత వాడుకున్నారు. మొదటిది నిజమైతే క్రైసోగొనస్ హత్యలో భాగస్తుడు. ఆ మాట మాత్రం సిసెరో ఎక్కడా అనడు! అతని మీద దోపిడీ ఆరోపణే గాని హత్య ఆరోపణ లేదు. రెండోది నిజమైతే "లాభం ఎవరికి" అన్న బాణం సూటిగా కొడుకు వైపే తిరుగుతుంది.

వకీలు_గుంటూరు:
మంచి పాయింటు పట్టుకున్నారు. కానీ హత్యకు ఆస్తి ఒక్కటే కారణం కానక్కర్లేదు. దాయాదుల పగ అప్పటికే ఉంది, సిసెరో దాన్ని మొదట్లోనే చెబుతాడు. పగతో చంపి, చంపాక "ఇందులో ఇంకేం గుంజుకోవచ్చు" అని చూసిన కేసులు నా అనుభవంలోనే ఉన్నాయి. అప్పుడు మీ రెండు దారులకూ మూడోది తోడవుతుంది.

ఇక కొడుకు సంగతి. వయసు నలభై దాటింది, పల్లె వదిలి రోమ్‌కు వచ్చే అలవాటు లేదు. తండ్రి అసహ్యించుకుని పొలానికి తరిమేశాడు, వారసత్వం తీసేయాలనుకున్నాడు అంటాడు ఎరూకియస్. సిసెరో అడిగిన ప్రశ్నలు నేనైనా అవే అడుగుతాను. తను చంపాడా, చంపించాడా? చంపించి ఉంటే ఎవరితో? డబ్బు ఎంత, ఎక్కడ ఇచ్చాడు? ఒక్కదానికీ ప్రాసిక్యూషన్ దగ్గర జవాబు లేదు. మోటివ్ ఉంది సరే, మనిషి ఊళ్లో లేడు, సుపారీ తీసుకున్నవాడి పేరు లేదు. బెయిలు పిటిషన్ దశలోనే కూలిపోయే కేసు.

సందేహం_సుబ్బు:
జవాబు లేదని సిసెరో అంటున్నాడు. ఎరూకియస్ ఏమన్నాడో మనం వినలేదు.

తుంగభద్ర:
నాకు రెండు విషయాలు కొడుకు పక్షాన బలంగా కనిపిస్తాయి, ఇవి సిసెరో కల్పించలేడు, ఎందుకంటే ఎదురు బెంచీలో కూర్చున్నవాళ్లే వెంటనే ఖండించగలరు.

ఒకటి, ఊరి పెద్దల రాయబారం. రోస్కియస్ ద్రోహి కాదు, ఆయన ఆస్తి కొడుక్కే చెందాలి అని చెప్పడానికి అమేరియా ఊరు పదిమంది ప్రముఖుల్ని సుల్లా శిబిరానికి పంపింది. తండ్రిని చంపాడని అనుమానం ఉన్నవాడి కోసం ఊరు ఊరంతా కదలదు. క్రైసోగొనస్ తనే ఎదురొచ్చి, పేరు తీసేస్తాను, పొలాలు ఇచ్చేస్తాను, సుల్లా దాకా వద్దు అని బతిమాలాడు. వాళ్లు నమ్మి వెనక్కొచ్చారు. ఆ పదిమందిలో కాపిటో ఒకడు! లోపల కూర్చుని నడిపించింది అతనే.

రెండోది, ఆ రాత్రి రోస్కియస్ వెంట ఉన్న ఇద్దరు బానిసలు. హత్యను కళ్లారా చూసి ఉండగలిగినవాళ్లు వాళ్లే. వాళ్లను విచారించనివ్వండి అని కొడుకే అడిగాడు. బానిస సాక్ష్యం అంటే ఆ రోజుల్లో చిత్రహింస పెట్టి రాబట్టేదే, అది ఘోరం, ఆ మాట పక్కనపెట్టి ముందుకెళ్లలేం. అయినా కొడుకు అడిగాడు, మాగ్నస్ కుదరదన్నాడు. విచారణ నాటికి ఆ ఇద్దరూ క్రైసోగొనస్ ఇంట్లో ఉన్నారు, బాగా చూసుకుంటున్నారట. నేరం చేసినవాడు సాక్షుల్ని పిలవమంటాడా, దాచినవాడి సంగతేమిటి?

మోడరేటర్:
ఇప్పటి భూకబ్జాలతో, నాయకుల పేర్లతో పోలుస్తూ పెట్టిన నాలుగైదు కామెంట్లు తీసేశాను. రోమ్‌లోనే ఉండండి.

రాత్రిబండి:
కొత్తగా చేరాను, ఒక డౌటు. తండ్రి పేరు జాబితాలో ఉంటే చంపడం నేరమే కాదన్నారు కదా. మరి కొడుకు మీద హత్య కేసు ఎలా నిలుస్తుంది?

వకీలు_గుంటూరు:
శభాష్! సిసెరో మెలిక పెట్టింది కూడా అక్కడే. జాబితాలో ఉన్నాడంటే హత్య కేసు లేదు. లేడంటే వేలం చెల్లదు, 60 లక్షలూ వెనక్కివ్వాలి. ప్రాసిక్యూషన్‌కు రెండూ కావాలి. అందుకే ఎరూకియస్ తన ప్రసంగంలో ఆస్తి అమ్మకం ఊసే ఎత్తలేదు, క్రైసోగొనస్ పేరూ పలకలేదు. ఎవరూ ఆ పేరెత్తే ధైర్యం చేయరని లెక్కేసుకున్నారు. పెద్ద లాయర్లంతా మౌనంగా కూర్చుంటే, పేరూ ఊరూ లేని కుర్రాడు లేచాడు. ఏ చట్టం కింద ఈ ఆస్తి అమ్మారు, జాబితా మూసిన తేదీ తర్వాత అమ్మకం ఏమిటి అని సూటిగా అడిగేశాడు.

అపరాధపరిశోధకి:
నాకు ప్రసంగం మొత్తంలో నచ్చిన సీను అదే. సిసెరో లేవగానే ఎరూకియస్ ఊపిరి పీల్చుకున్నాడట, ఈ పిల్లవాడా అని. జోకులేస్తూ, అటూ ఇటూ తిరుగుతూ, ఎవరో కుర్రాణ్ని పిలిచి రాత్రి భోజనం పురమాయిస్తున్నట్టున్నాడు అంటాడు సిసెరో. అంతలో క్రైసోగొనస్ పేరు వినబడింది. మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఎక్కడ గుచ్చుకుందో సిసెరోకు అర్థమైంది. మళ్లీ ఆ పేరు పలికాడు, మూడోసారీ పలికాడు. ఇక మనుషులు బయటికి, లోపలికి ఉరుకులు పరుగులు, "నీ పేరెత్తే మొనగాడొకడు రోమ్‌లో ఉన్నాడు" అని క్రైసోగొనస్‌కు చెప్పడానికి. ముద్దాయి కూర్చున్న బోను వైపు కాకుండా ఎదుటివాళ్ల ముఖాల వైపు చూసి కేసు పట్టుకున్నాడు చూశారా, అసలైన డిటెక్టివ్ లక్షణం అది.

తుంగభద్ర:
అదే ప్రసంగంలో ఇంకో చిన్న కేసు దాగుంది. తర్రాకీనా అనే ఊళ్లో ఒక పెద్దమనిషి ఇద్దరు పెద్ద కొడుకులతో ఒకే గదిలో పడుకున్నాడు. తెల్లారేసరికి గొంతు కోసి ఉంది. బయటివాళ్ల మీద అనుమానానికి ఆస్కారం లేదు. కొడుకులు మాకేం తెలియదన్నారు. అయినా విడిచిపెట్టారు. కారణం వింటే నవ్వొస్తుంది. తలుపు తీసినప్పుడు ఇద్దరూ గాఢనిద్రలో ఉన్నారు, తండ్రిని చంపినవాడికి అలా నిద్ర పట్టదు అని!

సందేహం_సుబ్బు:
ఇలాంటి తర్కం చెల్లే కోర్టులో నిర్దోషి అని తీర్పు వస్తే, దాని విలువెంతో మీరే చెప్పండి. అక్కడ "చేయలేదు" అనేది "అలాంటి మనిషి కాడు" అనడమే. మనోడి పల్లెటూరి అమాయకత్వం మీద సిసెరో అన్ని పేజీలు ఖర్చుపెట్టింది అందుకే. సంచి శిక్ష గురించి ఆయన దంచిన భాగానికి జనం కేకలేసి మెచ్చుకున్నారు. ముసలితనంలో తనే అది పచ్చి కుర్రతనపు రాత అని రాసుకున్నాడు.

పెరూజియా_తెలుగమ్మాయి:
"ఒంటరి కుర్రాడు నియంతను ఎదిరించాడు" అనే కథనూ కాస్త తగ్గించుకోవాలి. కొడుకును ఇంట్లో దాచిపెట్టి కాపాడింది కెకీలియా మెటెల్లా, బాలియారికస్ కూతురు. సుల్లా భార్య కూడా మెటెల్లస్ వంశపు ఆడపడుచే. అంటే సుల్లా అత్తింటివైపు పెద్దకుటుంబమే ముద్దాయి వెనక ఉంది. పాతకులీనులకు క్రైసోగొనస్ లాంటి నడమంత్రపు సిరిగాడి మీద ఒళ్లుమంట. వాళ్లు నోరు విప్పలేరు, ఇతను విప్పాడు.

సుల్లా జోలికి మాత్రం ఎంత జాగ్రత్తగా వెళ్లాడో! లోకాన్నేలే జూపిటర్ కూడా గాలివానతోనో ఎండతోనో అప్పుడప్పుడు మనుషులకు నష్టం చేస్తాడు, సుల్లా ఒక్కడు అన్నీ ఎలా చూసుకోగలడు అన్నాడు. పొగిడినట్టే ఉంది, చూసుకోలేదని చెప్పినట్టూ ఉంది. ఆస్తి తిరిగి అడగలేదు, ప్రాణం చాలన్నాడు. కేసయిన మరుసటి ఏడాది గ్రీసుకు వెళ్లిపోయాడు. సుల్లా భయంతో అంటాడు జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్, గొంతూ ఆరోగ్యమూ బాగోలేక అంటాడు సిసెరో.

వకీలు_గుంటూరు:
నా చేతికిస్తే ఛార్జిషీటు ఇలా వేస్తాను. ఎ1 మాగ్నస్: రోమ్‌లో ఉన్నాడు, పగ ఉంది, మనిషి ఉన్నాడు, సాక్షుల్ని దాచాడు. ఎ2 గ్లౌకియా: కత్తి, కబురు. ఎ3 కాపిటో: కబురు అందుకుని శిబిరానికి చేర్చడంలో హస్తం, పెద్దల్ని మోసగించడం. క్రైసోగొనస్ మీద హత్య నిలవదు, ఫోర్జరీ, కుట్ర, దోపిడీ నిలుస్తాయి. సుబ్బు గారి అనుమానం కొట్టిపారేయను. నాలుగు రోజుల్లో అంత పెద్ద బేరం కుదరాలంటే అంతకుముందే పరిచయం ఉండాలి. ఆ ముడి విప్పగలిగినవాడు సిసెరో ఒక్కడే. సుల్లా బతికుండగా విప్పడం తన క్లయింటుకు ప్రమాదం కాబట్టి అక్కడితో ఆపేశాడు. నేనైనా ఆపేస్తాను. డిఫెన్స్ లాయరు పని క్లయింటును బయటపడేయడం, హంతకుణ్ని పట్టుకోవడం కాదు.

సందేహం_సుబ్బు:
ఈ మాటతో ఏకీభవిస్తాను. ఎ1, ఎ2 నాకూ ఓకే. కొడుకును మాత్రం అనుమానితుల జాబితా నుంచి తీయను, కిందికి దించుతాను. బానిసల్ని విచారించమని అడిగాడన్నది ఒక్కటే నన్ను ఆపుతోంది.

రాత్రిబండి:
ఈ ప్రసంగం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? లాటిన్ రాదు.

తుంగభద్ర:
పాత ఇంగ్లీషు అనువాదాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. మొత్తం 154 చిన్న విభాగాలు. మొదటి 14 "నేనెందుకు లేచానంటే" అనే ఉపోద్ఘాతం, తర్వాత చదువుకోవచ్చు. 15 నుంచి 29 దాకా కథ. బండి ప్రయాణం 19లో వస్తుంది.

అపరాధపరిశోధకి:
60 మాత్రం వదలకండి, ఎరూకియస్ నిటారుగా కూర్చునేది అక్కడే. తర్రాకీనా నిద్ర 64లో.